బరువు లేని పలక

మా ఇంటికొచ్చిన మొదటి ఫిల్ము
నాన్న రొమ్ము ఎక్స్‌రే.
మార్కాపురం ఆసుపత్రి కిటికీకి ఎత్తిపట్టి
డాక్టరు చూస్తుంటే
ఆయన మోచేతి కింద నుంచి నేనూ చూశా.
నల్లపలక మీద ఎవరో
పిండి చల్లినట్టుంది.

నేను మొదట బోర్డులు రాశాను.
ఇచ్చట సైకిళ్ళకు గాలి కొట్టబడును.
కంభం లారీల వెనక చిలకలు,
టూరింగ్ టాకీసు గుడ్డ మీద
ముక్కు మాత్రం ఇంకెవరిదో అయిపోయే హీరోలు.
ఆ ముక్కులు చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వినాయనే
మద్రాసుకి రైలు ఛార్జీ ఇచ్చాడు.

గురువు వీరబ్రహ్మాచారికి మాటలు తక్కువ.
"కొత్తగోడ మేస్త్రీ కడతాడు.
నువ్వు పాతగోడ కట్టు, చూద్దాం."
ఏడాది పట్టింది.
టీ డికాషను ఎంత చల్లితే ముప్పయ్యేళ్ళ వాన,
స్విచ్చి చుట్టూ ఎన్ని వేళ్ళ జిడ్డు,
మంచం ఆనిన గోడకి
తలనూనె మరక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో.
పాల లెక్క బొగ్గుతో రాసి
రెండు గీతలు కొట్టెయ్యాలి.
లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ ఉన్నట్టుండదు.

రైలు రాని స్టేషన్లు కట్టా,
వెనకవైపు లేని మేడలు కట్టా.
జైలు కట్టినప్పుడు వాచ్‌మన్
దోమలకి జడిసి అందులోనే తలుపేసుకుని పడుకునేవాడు.
కోర్టు కట్టినప్పుడు ఒక ముసలామె
కాగితాల సంచితో వచ్చి
మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంది.
లేవమని చెప్పడానికి
మాలో ఎవరికీ నోరు రాలేదు.

ప్యాకప్ అన్న మర్నాడే మేకులు పీకేవాళ్ళు.
తెర మీద నా పేరు పడే వేళకి
జనం ఇంకా సీటు నంబర్లు వెతుక్కుంటుంటారు.
అమ్మ మొక్కుకుని పెట్టింది చెన్నకేశవులు.
పడేది కేశవ్.

మొన్న వేసవిలో
మూతబడిన పలకల ఫ్యాక్టరీ కావాలన్నారు.
తర్లుపాడు రోడ్డులో అసలుదే చూపించా.
"ఇది ఫ్యాక్టరీలా లేదండీ" అన్నాడు కెమెరామన్.
నిజమే. రేకులు పోయి, లోపల సర్కారు తుమ్మ మొలిచి
అది దేనిలానూ లేదు.
పక్క చేలో ఇంకోటి కట్టా.
ప్లైవుడ్ గోడలు, ప్లాస్టరాఫ్ పారిస్ పలకలు పన్నెండు గ్రోసులు.
దుమ్ము దగ్గరే ఆగిపోయా.
సిమెంటు వద్దన్నా. రాతిపొడి అసలే వద్దన్నా.
మైదాలో బొగ్గు కలిపి
నేనే జల్లెడ పట్టా.

నాన్న పక్క రంపం మీద పన్జేసినోళ్ళలో
మిగిలింది ఖాసిం పీరా ఒక్కడే.
ఏది ఎక్కడుండాలో చెబుతాడని పిలిపించా.
గడపలో నిలబడ్డాడు.
చూస్తూ చూస్తూ దగ్గడం మొదలెట్టాడు.
"పిండి మామా, ఉత్త మైదా!"
"తెలుసులేరా అబ్బయా,"
రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు,
"నాకు తెలుసు. దీనికి తెలవొద్దూ?"
సౌండు కుర్రాడు చెవుల మీదవి తియ్యకుండానే
వేలెత్తాడు, ఇంకోసారి దగ్గమని.
నేనేం మాట్లాడలేదు.
అది నా శాఖ కాదు.

ఒక మూల నాన్నకి పెట్టా.
ఎత్తుపీట, అంచు పగిలిన గ్లాసు,
గోడ మీద రోజుకిన్ని డజన్లని సుద్దగీతలు.
లెన్సు అంతదూరం రాలేదు.
వస్తుందని పెట్టలేదు.

కూల్చే రోజు పీరా మళ్ళీ వచ్చాడు.
గుట్టలోంచి ఒక పలక ఏరుకున్నాడు, మనవరాలికంట.
ఉమ్మితో తుడిచి, చొక్కాకి రుద్ది,
జేబులోని బలపంతో గీసి చూశాడు.
జారిపోయింది.
"అది రాయదు మామా."
అరచేతిలో పెట్టి
ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.
"రాయకపోతే పోనీరా,
బరువు లేదు."